మాట అందించే మనిషి

ఆ వేసవి మొదలయ్యేసరికి మా ఆయన చనిపోయి రెండు నెలలైంది. చనిపోయింది టీవీలోనే లెండి. మధ్యాహ్నం సీరియల్లో పధ్నాలుగేళ్లపాటు డాక్టర్ ప్రెస్కాట్‌గా అందరి గుండెజబ్బులూ నయం చేసినవాణ్ణి, కొత్తగా వచ్చిన నిర్మాత ఒక పడవెక్కించి సముద్రంలో ముంచేశాడు. శవం దొరకలేదన్నారు కాబట్టి మళ్లీ పిలుస్తారని క్లెమెంట్ ఆశ. ఏప్రిల్, మే నెలలు రెండూ ఫోను పక్కనే కూర్చున్నాడు. ఆ ఫోను మోగలేదు.

జూన్‌లో మోగింది. వెర్మాంట్ కొండల్లో విన్‌ఫ్రెడ్ టల్ అని ఒకావిడ ఉంది. ఒకప్పుడు ఆవుల్ని కట్టేసిన పెద్ద కొట్టాన్ని నాటకశాలగా మార్చి వేసవి అంతా నాటకాలు వేయిస్తుంది.

"డాక్టరు గారు బతికే ఉన్నారంటే మా ఊళ్లో ఒక్కరూ నమ్మడం లేదు. మీరొచ్చి కనబడితే చాలు, కొట్టం నిండిపోతుంది. బాగా ఆడితే చలికాలమంతా ఒహాయో, పెన్సిల్వేనియా ఊళ్లన్నీ తిప్పుదాం," అందట.

"మా ఆవిడకి కూడా వేషమిస్తేనే వస్తా," అన్నాడు క్లెమెంట్, నా వైపు చూసి కన్ను గీటుతూ.

ఆ మాట వింటే నాకేదో మేలు చేస్తున్నట్టుంది. విన్‌ఫ్రెడ్ కూడా అలాగే అనుకుని ఉంటుంది, పేరు రాని నటిని మొగుడు వెంటేసుకుని తిప్పుతున్నాడని. అసలు సంగతేమిటంటే నేను పక్కన లేకపోతే ఆయన రంగం మీద రెండు నిమిషాలు నిలబడలేడు. అది మా ఇద్దరికే తెలుసు. మేమిద్దరం కూడా దాని గురించి ఎప్పుడూ పైకి మాట్లాడుకోలేదు.

క్లెమెంట్ మొదట్నుంచీ ఇలా లేడు. న్యూయార్క్‌లో మేం కలుసుకున్న రోజుల్లో ఎంత పెద్ద నాటకమైనా రెండు రోజుల్లో నోటికొచ్చేసేది అతనికి. నేనింకా పుస్తకం చూస్తూ గొణుక్కుంటుంటే, "ఏం మెర్నా, జపమా?" అని వెక్కిరించేవాడు. టీవీకి వెళ్లాక రోజుకో కథ, రోజుకో కట్ట మాటలు. కంఠతా పట్టే తీరిక ఎవరికుంది? కెమెరా పక్కన ఒకడు పెద్దపెద్ద అట్టల మీద మాటలు రాసి పట్టుకునేవాడు. క్లెమెంట్ వాటివైపు చూసి కళ్లు కొద్దిగా చికిలించేవాడు. డాక్టర్ ప్రెస్కాట్ ఎంత లోతుగా ఆలోచిస్తాడో అని దేశమంతా మురిసిపోయింది. పాపం, అతను చదువుకుంటున్నాడంతే.

నాటకం మామూలు కుటుంబ కథే. ఎప్పుడో ఇల్లు విడిచి పోయిన భర్త ఒక సాయంత్రం వంటింటి తలుపు తోసుకుని వస్తాడు. భార్య పొయ్యి మీద సూపు కలుపుతూ ఉంటుంది. మూడంకాలూ ఆ వంటింట్లోనే.

మా వృత్తిలో ఒక పద్ధతుంది. రిహార్సల్లో మాట మరిచిపోతే నటుడు "మాట!" అని అరవాలి. పుస్తకం ముందు పెట్టుకుని కూర్చున్న స్టేజీ మేనేజరు అందిస్తుంది. అందులో నామోషీ ఏమీ లేదు, తలపండినవాళ్లు కూడా అడుగుతారు. తెర లేచాక మాత్రం ఎవరి నోరు వాళ్లదే, పక్కనుంచి ఎవరూ అందించరు. అందుకే అడగాల్సింది ముందే అడిగేసుకోవాలి. క్లెమెంట్ ఒక్కసారి కూడా అడగలేదు. ఆగిపోయినప్పుడల్లా కోపం తెచ్చుకునేవాడు.

"ఈ కుర్చీ ఇక్కడుంటే మనిషి ఎటునుంచి నడవాలయ్యా?" అనేవాడు. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు. వాళ్లు కుర్చీ జరిపేలోపు నేను పొయ్యి దగ్గర్నుంచి వచ్చి, అతని కాలరు సర్దుతున్నట్టు నిలబడి, మాట చెవిలో వేసేదాన్ని.

మా స్టేజీ మేనేజరు హాలిస్ గ్రీర్‌కి నా వయసే ఉంటుంది. నోటికి అదుపు తక్కువ. మూడోరోజు నన్ను బయట పంపు దగ్గర పట్టుకుంది.

"ఏమమ్మా మెర్నా, ఈ నాటకంలో ఆ కుర్చీ తిరిగినంత మీ డాక్టరు తిరగలేదు. ఏంటి సంగతి?"

"కొత్త చోటు కదా. సర్దుకుంటాడులే."

"సర్దుకునేది ఆయనా, నువ్వా?"

నేను నీళ్లు తాగాను. దాహం లేకపోయినా మళ్లీ తాగాను. ఆమె మొహం వైపు చూడాలంటే సిగ్గేసింది.

ఊళ్లో ఇంకో రకం సిగ్గు. కూరగాయల కొట్టుకి వెళ్తే కొట్టావిడ తూకం ఆపేసి పరుగెత్తుకొచ్చేది. "అయ్యో డాక్టరు గారూ! మిమ్మల్ని ముంచినరోజు మా ఇంట్లో పొయ్యి వెలిగించలేదు తెలుసా!"

ఇలాంటప్పుడు మామూలు మనిషి నవ్వి ఊరుకుంటాడు. క్లెమెంట్ గొంతు బరువుగా మారిపోయేది. "మీ ఆయన ఛాతీనొప్పి ఎలా ఉందమ్మా?" అని ఆయనే ఎదురు అడిగి, మొక్కజొన్న పొత్తులు ఏరుకుంటూ సలహాలిచ్చేవాడు. "ఉప్పు తగ్గించండి. సాయంత్రం నడవమనండి." ఆవిడ చేతులు కట్టుకుని వినేది. నాకు ఆ పొత్తుల బుట్టలో దూరిపోదామనిపించేది.

"ఈవిడెవరు, మీ నర్సా?" అని అడిగింది ఒకసారి.

"మా ఆవిడ."

"అదేంటి? మీ ఆవిడ లూసిల్ కదా!" అంది. ఆ లూసిల్ టీవీలో భార్య. కొట్టావిడ నన్ను పైనుంచి కిందికి చూసిన చూపులో, పరాయి సంసారంలో చిచ్చుపెట్టిన ఆడది కనబడింది. క్లెమెంట్ పగలబడి నవ్వాడు. ఇంటికొచ్చేదాకా నవ్వుతూనే ఉన్నాడు.

మొదటిరోజు కొట్టం కిక్కిరిసిపోయింది. అతను వంటింటి తలుపు తోసుకుని రాగానే జనం లేచి నిలబడి చప్పట్లు. మాకు అది అలవాటే, పేరున్నవాడు అడుగుపెడితే కథ ఆపి చప్పట్లు కొడతారు. నటుడు అలాగే ఆగి, అవి సద్దుమణిగాక మాట అందుకోవాలి. క్లెమెంట్ ఆ చప్పట్లలో ఎండ కాచుకుంటున్నవాడిలా నిలబడ్డాడు. అవి ఆగిపోయాయి. అతను ఇంకా నిలబడే ఉన్నాడు. నోరు తెరిచాడు, ఏమీ రాలేదు. పోర్ట్‌లండ్‌లో చేపల పడవ మీద పనిచేశానని చెప్పాలి అతను.

నేను సూపు కలుపుతూ వెనక్కి తిరగకుండా అన్నాను, "పోర్ట్‌లండ్‌లో చేపల పడవెక్కావని ఎవరో చెప్పారు. నిజమేనా?"

"నిజమే," అన్నాడు వెంటనే, పోయిన ప్రాణం తిరిగొచ్చినవాడిలా. "చేపల పడవే. మూడు శీతాకాలాలు."

అక్కడ్నుంచి వేసవంతా అదే పని. అతను మరిచిపోయిన ప్రతి మాటా నేను ప్రశ్నగా మార్చి ఇచ్చేదాన్ని. అతను అవుననో కాదనో అని అల్లుకునేవాడు. జనానికి ఆ భార్య మొగుణ్ణి గుచ్చిగుచ్చి అడుగుతున్నట్టు ఉండేది. ఊరి పత్రికలో, "శ్రీమతి మెర్నా వార్డ్ పాత్ర కాస్త ఎక్కువ మాట్లాడుతుంది" అని రాశారు. క్లెమెంట్ అది నాకు పైకి చదివి వినిపించాడు. వినిపించి, "పట్టించుకోకు, పల్లెటూరి పత్రిక," అన్నాడు. నేను కళ్లెత్తి అతనికేసి చూశాను. ఆ మాటలు తనవేనని అతనికి నిజంగానే గుర్తులేదో, గుర్తులేనట్టు నటించాడో ఇప్పటికీ చెప్పలేను. నటనే అయితే ఆ వేసవిలో అతను బాగా నటించింది అదొక్కటే.

ఆగస్టు నడిమిలో విన్‌ఫ్రెడ్ నన్ను కొట్టం వెనక గడ్డిలోకి పిలిచింది.

"బుధవారం మ్యాటినీకి కెస్లర్ వస్తున్నాడు," అంది.

లీలండ్ కెస్లర్ న్యూయార్క్‌లో నాటకం పెడితే టిక్కెట్లకు జనం కొట్టుకుంటారు. "క్లెమెంట్‌ని చూడ్డానికా?" అని అడిగాను.

"నిన్ను చూడ్డానికి. కొత్త నాటకంలో ముసలి తల్లి వేషానికి మనిషి కావాలట. నేనే చెప్పాను, మూడో అంకంలో ఈమె పళ్లెం మాటలు వినిపోండి, తర్వాత మీ ఇష్టం అని. మీ ఆయనకి మాత్రం ఎవరికోసం వస్తున్నాడో చెప్పకు తల్లీ. మగవాళ్లు తట్టుకోలేరు."

పళ్లెం మాటలంటే చెప్పాలి. మూడో అంకంలో భర్త తను ఎందుకు వెళ్లిపోయాడో బయటపెడతాడు. ఇంకో ఆడదాని కోసం కాదు. పిల్లాడు పోయిన రోజు సాయంత్రం భార్య ఏమీ జరగనట్టు పళ్లేలు కడుగుతుంటే చూసి భరించలేక వెళ్లిపోయానంటాడు. అప్పుడు ఆమె చెబుతుంది: "ఆ సాయంత్రమంతా నేను కడిగింది ఒకే పళ్లెం. నువ్వు దగ్గరకొచ్చి చూసుంటే తెలిసేది." అక్కడ్నుంచి ఇంకో పేజీ ఉంటుంది. ఆ పేజీ కోసమే నేనా వేషం ఒప్పుకున్నాను. అది చెప్పినప్పుడల్లా కొట్టంలో ఒక్కరు దగ్గేవారు కాదు. మొగుడి మాటలు మోస్తూ గడిపిన వేసవిలో నావి అని చెప్పుకోవడానికి మిగిలినవి అవే.

కెస్లర్ వస్తున్నాడని క్లెమెంట్‌కి ఎలాగో తెలిసింది. బుధవారం పొద్దున్నే కొత్త టై కట్టుకున్నాడు. వేషంలో టై లేదు, అయినా కట్టుకున్నాడు.

"చూశావా మెర్నా? సీరియల్ పోతే పోయింది. కెస్లర్ అంతటివాడు కొండలెక్కి వస్తున్నాడు!"

"ఒకసారి మూడో అంకం చూసుకుందామా?" అన్నాను.

"నాకంతా వచ్చు," అన్నాడు.

మొదటి రెండంకాలూ ఎలాగో నడిచాయి. మామూలుకన్నా ఎక్కువే అందించాను. మూడో అంకంలో ఆ ఘట్టం దగ్గరకొచ్చేసరికి అతను బల్ల అంచు పట్టుకుని ఆగిపోయాడు. కొట్టమంతా ముందుకు వంగింది, ఇప్పుడేదో చెప్పబోతున్నాడని.

"ఇంకో ఆడదాని కోసం వెళ్లావా?" అని అడిగాను.

"కాదు," అన్నాడు. మళ్లీ ఆగిపోయాడు.

"పిల్లాడు పోయాక నా మొహం చూడలేకపోయావా?"

నోరు తెరిచి మూశాడు. అప్పుడు అతని కళ్లు నన్ను దాటి, దీపాలు దాటి, జనం కూర్చున్న చీకట్లోకి వెళ్లాయి. కొద్దిగా చికిలించాయి. అట్టలు వెతుకుతున్నాడు. పధ్నాలుగేళ్లు అట్ట పట్టుకున్న మనిషి ఆ చీకట్లో ఎక్కడో ఉంటాడని వెతుకుతున్నాడు.

రంగం పక్కన వింగ్‌లో హాలిస్ లేచి నిలబడింది. ఎంతసేపని ఊరుకుంటాం? "నువ్వు చెప్పకపోతే నేనే చెబుతాను," అన్నాను. అతని మాటలన్నీ నేను చెప్పేశాను. నువ్వు అలా అనుకున్నావు, ఇలా చూశావు, పళ్లేల చప్పుడు భరించలేకపోయావు, టోపీ కూడా పెట్టుకోకుండా వెళ్లిపోయావు అని. అంతా అయ్యాక ఒక్క క్షణం ఊపిరి తీసుకున్నాను, నా మాటలు మొదలుపెట్టడానికి.

ఆ ఒక్క క్షణంలోనే క్లెమెంట్‌కి ఒక మాట గుర్తొచ్చింది. నీటిలో మునిగేవాడికి దుంగ దొరికినట్టు దాన్ని పట్టుకున్నాడు.

"సూపు ఇంకా ఏమైనా మిగిలిందా?" అన్నాడు.

అది నాటకంలో చివరి మాట. ఆ మాటకి తెర దిగాలి. హాలిస్ కాసేపు ఆపింది, నాకు తెలుసు. కానీ జనం అప్పటికే చప్పట్లు మొదలుపెట్టారు. దించేసింది. పళ్లెం మాటలు నా గొంతులోనే ఉండిపోయాయి.

కెస్లర్ మేకప్ గదికి వచ్చాడు. సన్నగా, నెరిసిన గడ్డంతో, బడి పంతులులా ఉన్నాడు. క్లెమెంట్ చెయ్యి పట్టుకుని ఊపాడు. హాలిస్ దుస్తులు తీసుకుపోవడానికి వచ్చి గుమ్మంలోనే ఆగింది.

"మూడో అంకంలో ఏదో గందరగోళం జరిగినట్టుందే?" అన్నాడు కెస్లర్, ఇద్దరినీ చూస్తూ.

నేను క్లెమెంట్ వైపు చూశాను. ఏదో ఒకటి సర్ది చెబుతాడనుకున్నాను. వేడి అనో, దీపాలనో. అతను నా భుజం చుట్టూ చెయ్యి వేశాడు. గొంతు డాక్టర్ ప్రెస్కాట్‌ది.

"మా మెర్నాకి ఈ మధ్య ఇలా అవుతోందండీ. తన మాటలు మరిచిపోయి నా మాటలు చెప్పేస్తుంది. వయసు కదా, ఏం చేస్తాం? నేనే ఎలాగో ముగించేశాను."

కెస్లర్ నవ్వాడు. నేనూ నవ్వాను. ఎందుకు నవ్వానో దేవుడికే తెలియాలి. భుజం మీద ఆ చెయ్యి బరువుగా ఉంది, హాలిస్ నన్నే చూస్తోంది, నాకు తల కొట్టేసినట్టయింది. అబద్ధమాడింది అతనైతే సిగ్గు నాకు. ఇన్నేళ్లు కాపురం చేసిన మనిషి ఇంత తేలిగ్గా, ఇంత అందంగా, ఒక్క మాట తడబడకుండా నన్ను అమ్మేశాడు, అది ఇంకొకళ్లు చూశారు. ఇద్దరమే ఉన్నప్పుడు చేసుంటే ఎలాగో దిగమింగేదాన్ని.

మర్నాడు మధ్యాహ్నం టిక్కెట్ల గదిలోంచి హాలిస్ నన్ను పిలిచింది. ఫోను చేతికిచ్చి, బయటికి వెళ్లి తలుపు వేసింది.

"మెర్నా గారూ, కెస్లర్‌ని. నిన్న ఎవరు మరిచిపోయారో నాకు తెలుసు," అన్నాడు.

నేను ఫోను రెండో చెవికి మార్చుకున్నాను.

"రంగం మీద ఒకరు మాట మరిచిపోతే నేను చూస్తుంటాను, పక్కవాళ్లు ఏం చేస్తారో అని. సాధారణంగా ఎవరి ప్రాణం వాళ్లు కాపాడుకుంటారు. మీరు ఆయన్ని ఒడ్డున పడేశారు. ఆయన ఒడ్డెక్కి ఏం చేశాడో కూడా చూశాను. అదంతా మీ ఇంటి సంగతి. నాకు వేషం సంగతి కావాలి. సెప్టెంబరు మొదట్లో రిహార్సళ్లు. వస్తారా?"

"టూర్ ఉందండీ. చలికాలమంతా. మేమిద్దరం..." అన్నాను.

"ఆదివారందాకా చూస్తాను," అన్నాడు.

మేం అద్దెకున్న ఇంటి వసారాలో క్లెమెంట్ చెప్పులు విప్పి కూర్చుని ఉన్నాడు. ఒళ్లో నాటకం పుస్తకం తెరిచి ఉంది. నేను మెట్లెక్కుతుంటేనే అడిగాడు.

"కెస్లర్ ఫోన్ చేశాడటగా? విన్‌ఫ్రెడ్ చెప్పింది. నా గురించి ఏమన్నాడు?"

"నీ గురించి ఏమీ అనలేదు."

అతని మొహం చూస్తే జాలేసింది. పుస్తకం మూసి పక్కన పెట్టాడు.

"నిన్న... నేనలా అనుండకూడదు," అన్నాడు.

నేను మెట్టు మీద కూర్చున్నాను. ఇంకేమైనా అంటాడని చూశాను.

"కానీ ఒకటి ఆలోచించు మెర్నా. నీకేం పోయింది? నువ్వు మరిచిపోయావంటే పాపం అని ఊరుకుంటారు. మర్నాడు ఎవరికీ గుర్తుండదు, నిన్ను బజార్లో ఎవరైనా గుర్తుపడతారా? అదే నేననుకో. దేశమంతా చెప్పుకుంటుంది. ప్రెస్కాట్‌కి బుర్ర పోయిందంటారు. ఇంక టూరూ లేదు, ఏమీ లేదు. యాభై ఎనిమిదేళ్ల మనిషిని, నాకు ఇంకో పని వచ్చా?"

అందులో అబద్ధమేమీ లేదు. అదే నన్ను పట్టేసింది. అతను పడితే చాలా ఎత్తు నుంచి పడతాడు. నేను నేల మీదే ఉన్నాను, పడటానికేముంది? పైగా అతని మోకాళ్ల మీద చేతులు కొద్దిగా వణుకుతున్నాయి. పెళ్లినాడు కూడా ఆ చేతులు వణకలేదు.

కెస్లర్ ఏమి అడిగాడో అతనికి చెప్పాను. రానని చెప్పేస్తానని కూడా చెప్పాను.

"నిజంగానా?" అన్నాడు. లేచి లోపలికి వెళ్లి, ఇద్దరికీ నిమ్మరసం కలిపి తెచ్చాడు. మా కాపురంలో అతను నాకోసం కలిపినవి వేళ్ల మీద లెక్కపెట్టచ్చు. అప్పటికది నాకు చాలనిపించింది. మొగుడు గ్లాసుడు నిమ్మరసం ఇస్తే చాలనుకున్న మనిషిని ఏమనాలో మీరే అనుకోండి.

ఆదివారం మ్యాటినీయే మా నాటకం చివరి ఆట. విన్‌ఫ్రెడ్ పక్క ఊళ్ల నుంచి కూడా జనాన్ని రప్పించింది. ఆ రోజు క్లెమెంట్ బాగానే చేశాడు, మూడు నాలుగు చోట్ల మాత్రమే అందించాను. పళ్లెం మాటలు చెప్పాను. ఎవరూ దగ్గలేదు. బయట ఎక్కడో గడ్డి కోసే యంత్రం శబ్దం వినబడుతూ ఉంది. ఇదే ఆఖరుసారి అనుకుని ప్రతి మాటా నెమ్మదిగా చెప్పాను. టూర్‌లో మళ్లీ చెప్పేదే, అయినా ఎందుకో అలా అనిపించింది.

వేసవి చివరి ఆట అయ్యాక పెద్ద నటుడు ముందుకొచ్చి నాలుగు మాటలు చెప్పడం ఆనవాయితీ. మేమందరం చేతులు పట్టుకుని వరసగా నిలబడ్డాం. నా చెయ్యి క్లెమెంట్ చేతిలో ఉంది. ఆ చెయ్యి వదలకుండానే ఒకడుగు ముందుకేశాడు.

ఊరిని పొగిడాడు. కొండల్ని పొగిడాడు. కూరగాయల కొట్టావిడని పేరు పెట్టి పిలిచి, "మీ ఆయన నడుస్తున్నాడా?" అని అడిగాడు. కొట్టం ఘొల్లుమంది. విన్‌ఫ్రెడ్‌కి, దీపాలవాళ్లకి, పేరుపేరునా దండం పెట్టాడు. తర్వాత నా వైపు తిరిగాడు.

"ఇక మా ఆవిడ! బుధవారం వచ్చినవాళ్లకి తెలుసు. ఈవిడకి తన మాటలు గుర్తుండవు, నా మాటలు మాత్రం ఒక్కటీ మరిచిపోదు. నన్ను నోరెత్తనివ్వకుండా అన్నీ తనే చెప్పేసింది. ఇక్కడున్న పెళ్లయిన మగవాళ్లలో ఎవరికైనా ఇది వింతగా ఉందా?"

ఆ వేసవి అంతటిలో అంత నవ్వు రాలేదు. మగవాళ్లు కుర్చీల చేతులు కొట్టారు. ఆడవాళ్లు కూడా మొగుళ్లని మోచేత్తో పొడుస్తూ నవ్వారు. క్లెమెంట్ ఆ నవ్వు మీద నిలబడి, అది తగ్గబోతుండగా కనుబొమ్మ ఎగరేసి ఇంకాస్త లాగాడు. అతను దుర్మార్గుడు కాదు. ఒకసారి నవ్వు పుట్టించిన మాటను నటుడు పారేయలేడు, అంతే. గురువారం వసారాలో వణికిన చేతులు గుర్తున్నాయో లేదో, బుధవారం కెస్లర్ నవ్విన సంగతి మాత్రం గుర్తుంది.

తర్వాత నన్ను ముందుకు తోశాడు. వంగి దండం పెట్టమని. పెట్టాను. మతిమరుపు ముసలావిడకి జనం ప్రేమగా చప్పట్లు కొట్టారు. వంగినదాన్ని వెంటనే లేవలేకపోయాను. మొహం మండిపోతోంది, అది వాళ్లకి కనబడుతుందని భయమేసింది. పక్కకు చూస్తే వింగ్‌లో హాలిస్ తల అటు తిప్పుకుని ఉంది. అలా తిప్పుకోవడమే నన్ను చంపేసింది. నవ్వినవాళ్లకి ఏమీ తెలియదు, పోనీ. తెలిసిన మనిషి నా మొహం చూడలేకపోయింది.

తెర దిగింది. నేను ఆప్రాన్ కూడా విప్పకుండా టిక్కెట్ల గదిలోకి వెళ్లి కెస్లర్‌కి ఫోన్ చేశాను.

"వస్తాను," అన్నాను.

"మంచిది," అన్నాడు. ఎందుకని అడగలేదు.

మేకప్ గదికి వెళ్లేసరికి క్లెమెంట్ అద్దం ముందు కూర్చుని మొహానికి క్రీము రాసుకుంటున్నాడు. కిటికీలోంచి ఎండ అతని బట్టతల మీద పడుతోంది. హుషారుగా ఉన్నాడు.

"ఎలా మాట్లాడాను?"

"ఒక్క మాట కూడా మరిచిపోలేదు," అన్నాను.

దూది పట్టుకున్న చెయ్యి ఆగింది. అద్దంలోంచి నన్ను చూశాడు.

"కెస్లర్‌కి వస్తానని చెప్పాను క్లెమ్. రేపు పొద్దున బస్సుకి వెళ్తున్నా."

అతను మొదట నవ్వాడు. నేను నవ్వకపోయేసరికి కుర్చీలో ఇటు తిరిగాడు. సగం మొహం మీద రంగుంది, సగం మీద లేదు.

"జోకు కదే అది! జనం ఎంత నవ్వారో చూశావుగా?"

"చూశాను."

"మరి టూర్? ఆ వేషం ఇంకెవరైనా వేస్తారు సరే... నా మాటలెవరు అందిస్తారు?"

ఇన్నేళ్లలో మొదటిసారి అతను ఆ మాట పైకి అన్నాడు. అనేశాక తనకే వినబడినట్టుంది, చెవులదాకా ఎర్రబడ్డాడు. నోరు తెరిచాడు. ఏదో చెప్పబోయి ఆగిపోయాడు.

అతనికి కావాల్సిన మాట ఏదో నాకు తెలుసు. నోటిదాకా వచ్చింది కూడా. 'తప్పు నాదే అని చెప్పాలనుకుంటున్నావా?' అని అడిగితే చాలు. అవునని అందుకునేవాడు, అందుకుని చక్కగా అల్లుకునేవాడు, నేను కరిగిపోయేదాన్ని. అతని కళ్లు నా మొహాన్ని వెతుకుతున్నాయి. అక్కడ దొరక్క గోడ మీదికి వెళ్లాయి. గోడ మీంచి కిటికీలోకి వెళ్లాయి.

నేను అందించలేదు. కానీ వెంటనే వెళ్లిపోనూ లేదు. తనంతట తనే అంటాడేమో, ఈ ఒక్కటైనా గుర్తొస్తుందేమో అని ఆ గది మధ్యలో అలాగే నిలబడ్డాను. పక్కగదిలో వాళ్లు పెట్టెలు సర్దుకోవడం, ఒకళ్లకొకళ్లు వీడ్కోళ్లు చెప్పుకోవడం అన్నీ వినబడ్డాయి. అన్నీ సద్దుమణిగాయి.

అంతసేపు నిలబడ్డందుకు నా మీద నాకే సిగ్గేసింది. చేతిసంచీ తీసుకుని బయటికి వచ్చేశాను.